మింగిన కణంలోనే బతికే బ్యాక్టీరియా: స్రావక వ్యవస్థలు లోపల చేసే పని ఏమిటి?

మూడో_బెంచి
డిగ్రీలో మైక్రోబయాలజీ చదువుతున్నాను. రెండు పాఠాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. రోగనిరోధక శక్తి పాఠం ఏమంటుందంటే: మాక్రోఫేజ్ (సూక్ష్మజీవులను మింగే రోగనిరోధక కణం) బ్యాక్టీరియాను మింగుతుంది, అది ఉన్న సంచి లైసోజోముతో కలుస్తుంది, ఆమ్లమూ ఎంజైములూ దాన్ని జీర్ణం చేస్తాయి. రెండు వారాల తర్వాత వచ్చిన పాఠం ఏమంటుందంటే: సాల్మొనెల్లా, లెజియోనెల్లా, క్షయ బ్యాక్టీరియా ఆ మాక్రోఫేజ్‌లోనే నివాసం ఉంటాయి, అక్కడే పెరుగుతాయి. ఎలా అంటే పుస్తకంలో ఒకే వాక్యం: "స్రావక వ్యవస్థల సాయంతో తప్పించుకుంటాయి." స్రావక వ్యవస్థ అంటే బ్యాక్టీరియా తన ప్రోటీన్లను బయటికి పంపే యంత్రం. ఆ కింద వాటిలో ఒకటో రకం నుంచి తొమ్మిదో రకం వరకు ఒక పట్టిక. పట్టిక బట్టీ పట్టాను, మార్కులూ వచ్చాయి. లోపల ఏం జరుగుతుందో మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు. ప్రోటీన్లను బయటికి పంపితే ప్రాణం ఎలా నిలబడుతుంది?

గట్టిగింజ
మార్కులు వచ్చాక కూడా అడుగుతున్నారంటే మీరు బాగుపడతారు.

సూదిమొన
మంచి ప్రశ్న. నేను సాల్మొనెల్లా మీదే పని చేస్తాను కాబట్టి దానితోనే మొదలుపెడతాను. పట్టికను కాసేపు పక్కన పెట్టండి.

సాల్మొనెల్లాకు మూడో రకం వ్యవస్థలు రెండున్నాయి. రెండింటికీ ఆకారం దాదాపు ఒకటే: బ్యాక్టీరియా రెండు పొరల్లో గుచ్చుకుని ఉన్న ఒక పీఠం, దాని మీద నుంచి బయటికి పొడుచుకొచ్చిన బోలు సూది. 1998లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఆ సూదిని మొదటిసారి స్పష్టంగా చూశారు. లోపలి రంధ్రం ఎంత సన్నమంటే, మడతపడిన ప్రోటీను అందులో పట్టదు. పోగులా విప్పి పంపాల్సిందే. ఆ ప్రోటీను ఆతిథేయ కణంలోకి, అంటే బ్యాక్టీరియా దూరే కణంలోకి, వెళ్లాక మళ్లీ మడతపడి పని మొదలుపెడుతుంది. వాటినే ఎఫెక్టర్లు అంటాం.

మొదటి వ్యవస్థ (ఎస్‌పీఐ-1) కణంలోకి దూరడానికి. పేగు గోడలోని చాలా కణాలు మామూలుగా బ్యాక్టీరియాను మింగవు. సోప్‌ఈ లాంటి ఎఫెక్టర్లు ఆ కణానికి ఆకారమిచ్చే ఆక్టిన్ అనే ప్రోటీను పోగులను కదిలించి పొర పైకి ఉబికేలా చేస్తాయి, బ్యాక్టీరియా ఆ మడతలో చుట్టుకుని లోపలికి పోతుంది. రెండో వ్యవస్థ (ఎస్‌పీఐ-2) లోపలికి వెళ్లిన తర్వాత బతకడానికి. దాని జన్యువులు 1990ల మధ్యలో బయటపడ్డాయి. అవి లేని బ్యాక్టీరియాను ఎలుకకు ఎక్కిస్తే ఎలుక చావదు. పరీక్ష నాళికలో మాత్రం ఆ బ్యాక్టీరియా ఏ లోటూ లేకుండా పెరుగుతుంది.

అంటే బయట బతకడానికి ఆ సూదితో పని లేదు. కణం లోపలే దాని అవసరం.

మూడో_బెంచి
ఇది మా పుస్తకంలో లేదు! కానీ అసలు ముడి అలాగే ఉంది. ఆమ్లం సంగతి ఏమిటి? సంచి ఆమ్లంగా మారకుండా సాల్మొనెల్లా ఆపేస్తుందా?

సూదిమొన
ఆపదు. నాకు ఈ విషయంలో అత్యంత ఇష్టమైన భాగం ఇదే. సాల్మొనెల్లాకు ఆ ఆమ్లం కావాలి.

సంచిలో పీహెచ్ 5 దగ్గరికి పడిపోతుంది, మెగ్నీషియం తగ్గుతుంది. బ్యాక్టీరియా పొర మీదున్న గ్రాహకాలు ఆ మార్పును పసిగట్టి ఎస్‌పీఐ-2 జన్యువులను నడపడం మొదలుపెడతాయి. చంపడానికి తయారైన వాతావరణమే దానికి "లోపలికి వచ్చాం, ఇక పని మొదలుపెట్టు" అనే ఆనవాలు. సూది తయారై సంచి పొరలో రంధ్రం వేస్తుంది. రంధ్రం అవతల కణద్రవం, అక్కడ పీహెచ్ దాదాపు 7.2. ఆ తేడా సూది ద్వారా వెనక్కి తెలిసిపోతుంది. అప్పటిదాకా ఎఫెక్టర్లను పట్టి ఉంచిన ప్రోటీన్ల గుంపు విడిపోతుంది, ఎఫెక్టర్లు బయల్దేరతాయి. రంధ్రం అవతలి వైపు చేరిందని తేలేదాకా సరుకు కదలదన్నమాట. 2010లో వచ్చిన పని ఇది. మొదటిసారి చదివినప్పుడు ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

ఎందుకో_చెప్పండి
"ఆమ్లం కావాలి", "పసిగట్టి"... బ్యాక్టీరియాకు ఆలోచన ఉన్నట్టు రాస్తున్నారు. ఆమ్లంలో ఒక ప్రోటీను ఆకారం మారుతుంది, దానివల్ల ఇంకొకటి విడిపోతుంది. అంతే కదా?

సూదిమొన
అంతే. ఆ "అంతే" లక్షల ఏళ్ల ఎంపికలో నిలిచినది. రసాయన చర్యగా చెప్పినా నాకు దాని అందం తగ్గదు.

జీవశాస్త్రం_మేడం
పిల్లలకు చెప్పేటప్పుడు నేను కాకి గూట్లో కోకిల గుడ్డు అంటాను. పోలికతో త్వరగా పట్టుకుంటారు.

అమీబా_మిత్రుడు
మేడం గారూ, ఆ పోలికతో నాకు చిన్న పేచీ ఉంది. కోకిల పిల్ల గూటిని మార్చదు, ఉన్న గూట్లో పెరుగుతుంది. ఈ బ్యాక్టీరియా గూటినే తిరగ కడతాయి. లెజియోనెల్లా సంగతి వినండి.

1976లో ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవాళ్లు న్యుమోనియాతో వరసగా పడిపోయారు. కారణమైన బ్యాక్టీరియాను 1977 జనవరిలో పట్టుకున్నారు. 1983లో తేలిందేమిటంటే, మాక్రోఫేజ్ దీన్ని మింగాక ఆ సంచి లైసోజోముతో కలవదు. కణంలో ప్రోటీన్లు తయారయ్యే పొరల అల్లిక ఎండోప్లాస్మిక్ రెటిక్యులం. అక్కడి నుంచి ప్రోటీన్లను సర్దిపంపే గాల్జీకి వెళ్లాల్సిన చిన్న బుడగలు దారి మళ్లి వచ్చి ఈ సంచికి అతుక్కుంటాయి. చివరికి సంచి పొర రెటిక్యులం పొరలాగే తయారవుతుంది, దాని మీద రైబోజోములు కూడా చేరతాయి. కణం తన సొంత అవయవాన్ని జీర్ణం చేసుకోదు కదా!

ఈ పని చేసేది నాలుగో రకం వ్యవస్థ, పేరు డాట్/ఐసీఎం. బ్యాక్టీరియాల మధ్య డీఎన్‌ఏ మార్పిడి చేసే యంత్రానికి ఇది దగ్గరి చుట్టం. దీని గుండా వెళ్లే ఎఫెక్టర్లు 300కు పైనే. లెజియోనెల్లా జన్యువులు సుమారు 3,000. పదింట ఒకటి కణం లోపలికి పంపే సరుకే!

మూడో_బెంచి
300 ఎందుకు? సాల్మొనెల్లాకు ఎన్ని?

సూదిమొన
రెండు వ్యవస్థలూ కలిపి నలభైకి అటూ ఇటూ. మాది పొదుపైన కాపురం.

ఎందుకో_చెప్పండి
300లో ఏదో ఒకటి తీసేస్తే బ్యాక్టీరియా చచ్చిపోతుందా? చావకపోతే అవన్నీ అవసరమని ఎలా అంటారు?

అమీబా_మిత్రుడు
సరైన చోట పట్టుకున్నారు. ఎక్కువ భాగం ఎఫెక్టర్లను ఒక్కొక్కటిగా తీసేస్తే మాక్రోఫేజ్‌లో ఏ తేడా కనబడదు. 2011లో జన్యువుల్లోని అయిదు ప్రాంతాలను ఒకేసారి కత్తిరించి, ఎఫెక్టర్లలో దాదాపు మూడో వంతు తీసేసి చూశారు. ఎలుక మాక్రోఫేజ్‌లో అది ఇంకా పెరుగుతూనే ఉంది. కానీ అమీబాల్లో పెంచినప్పుడు కొన్ని జాతుల్లో చతికిలపడింది, ఇంకొన్నింటిలో బాగానే ఉంది.

జవాబు అక్కడే ఉంది. లెజియోనెల్లా అసలు నివాసం మనిషి ఊపిరితిత్తి కాదు, నీటిలో ఉండే అమీబాలు. ఆ సంగతి 1980లోనే తెలిసింది. అమీబాలు ఎన్నో రకాలు, ఒక్కో అమీబా లోపలి ఏర్పాటు ఒక్కో తీరు. ఏ నీటిలో ఏది మింగుతుందో ముందుగా తెలియని బ్యాక్టీరియా దగ్గర అన్ని రకాల పనిముట్లూ ఉంటాయి. మనిషి మాక్రోఫేజ్ అమీబాలాగే మింగుతుంది, లోపలి యంత్రాంగంలోనూ పోలికలున్నాయి. అందుకే మనకు ఈ జబ్బు. మనిషి నుంచి మనిషికి ఇది దాదాపు సోకదు, అంటే మనలోకి రావడం దానికి దారి మూసుకుపోవడమే. లెజియోనెల్లాకు మనతో వైరమే లేదు.

రాత్రి_విధులు
వైరం లేకపోయినా ఐసీయూలో మాకు చుక్కలు చూపిస్తుంది. నేను వైద్యుడిని. తీవ్రమైన న్యుమోనియాతో వచ్చిన ఒకాయనకు బయట మొదలుపెట్టిన బీటా లాక్టమ్ (పెన్సిలిన్ కుటుంబపు యాంటీబయాటిక్) ఇంజెక్షన్లు రోజూ పడుతున్నా జ్వరం దిగలేదు, ఆక్సిజన్ పడిపోతూనే ఉంది. మూత్ర పరీక్షలో లెజియోనెల్లా యాంటిజెన్ వచ్చింది. లెవోఫ్లోక్సాసిన్‌కు మార్చాం, కోలుకున్నారు. బీటా లాక్టమ్ మందులు కణాల లోపలికి సరిగా చేరవు, పైగా లెజియోనెల్లా దగ్గర వాటిని విరిచే ఎంజైము కూడా ఉంటుంది. రక్తంలో మందు ఎంత ఉందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, బ్యాక్టీరియా కూర్చున్న సంచిలోకి ఎంత వెళ్తోందన్నది అసలు ప్రశ్న. ఈ చర్చలో చెబుతున్న జీవశాస్త్రం మాకు మందు ఎంపికలో రోజూ ఎదురవుతుంది.

వెన్నెల
నాకు సైన్సు అంతగా రాదు, చదువుతూ వస్తున్నాను. నాకు టైఫాయిడ్ వచ్చి తగ్గాక మళ్లీ తిరగబెట్టింది. మొదటిసారి ఇంజెక్షన్ల కోర్సు మొత్తం పూర్తి చేశాను. ఇంట్లోవాళ్లు నేను సరిగా మందు వాడలేదనీ, బయట ఏదో తిన్నాననీ ఇప్పటికీ అంటారు. ఇది కూడా కణం లోపల దాక్కోవడం వల్లేనా?

రాత్రి_విధులు
వెన్నెల గారూ, మందు పూర్తిగా వాడినవాళ్లలోనూ టైఫాయిడ్ కొందరికి తిరగబెడుతుంది. వైద్య పుస్తకాలన్నింటిలో ఉన్న సంగతే. టైఫాయిడ్ బ్యాక్టీరియా కాలేయం, ప్లీహం, ఎముక మజ్జలోని మాక్రోఫేజ్‌లలో ఉంటుంది. సెఫ్ట్రియాక్సోన్ లాంటి ఇంజెక్షన్ రక్తంలో బాగా పని చేస్తుంది, కణాల్లోకి వెళ్లేది తక్కువ. అజిత్రోమైసిన్ కణాల్లో పేరుకుంటుంది, దానితో తిరగబెట్టడం తక్కువగా కనిపించింది. మీ విషయంలో ఫలానా కారణమని ఇక్కడ కూర్చుని చెప్పలేను, కానీ మీ మీద నింద వేయడానికి ఆధారం లేదు. మళ్లీ జ్వరం వస్తే రక్తం కల్చర్ చేయించండి, మందు మాత్రం మీ వైద్యులే నిర్ణయించాలి.

వెన్నెల
ఈ పోస్టు మా ఇంట్లో అందరికీ చదివి వినిపిస్తాను.

గట్టిగింజ
మీ అత్తగారికి రెండుసార్లు వినిపించండి.

సూదిమొన
వెన్నెల గారి ప్రశ్నకు ఇంకో కోణం. మాక్రోఫేజ్‌లోకి వెళ్లిన సాల్మొనెల్లాలో కొన్ని పెరగడం ఆపేసి స్తబ్దుగా ఉండిపోతాయి. పెరగని బ్యాక్టీరియా మీద చాలా యాంటీబయాటిక్‌లు పని చేయవు. అవి నిద్రపోతున్నాయని అందరూ అనుకునేవారు. 2018లో వచ్చిన పరిశోధన వేరే మాట చెప్పింది: పెరగకపోయినా అవి ఎస్‌పీఐ-2 సూదిని నడుపుతూనే ఉన్నాయి, ఆ మాక్రోఫేజ్ పోరాట స్వభావాన్ని తగ్గిస్తున్నాయి. మందు ఆగిపోయాక మళ్లీ పెరగడానికి అనువైన చోటును ముందే సిద్ధం చేసుకుంటున్నాయి. అది సాల్మొనెల్లాలో టైఫిమ్యూరియం అనే రకం మీద చేసిన పని, టైఫాయిడ్ కలిగించే టైఫీ మీద కాదు. ఆ తేడా గుర్తుంచుకోవాలి.

మూడో_బెంచి
టైఫీకీ టైఫిమ్యూరియంకూ అంత తేడా ఉందా? పేర్లలో రెండక్షరాలే కదా.

సూదిమొన
చాలా ఉంది. టైఫీ మనుషులకు మాత్రమే సోకుతుంది, టైఫిమ్యూరియం చాలా జంతువుల్లో పెరుగుతుంది. ఎందుకన్న దానికి 2012లో దొరికిన జవాబు మీ మొదటి ప్రశ్నకు నేరుగా సంబంధించినది. ఎలుక మాక్రోఫేజ్‌లో ర్యాబ్32 అనే ప్రోటీను ఉంటుంది, బ్యాక్టీరియా ఉన్న సంచి దగ్గరికి సంహార సామగ్రిని చేర్చడం దాని పని. టైఫిమ్యూరియం దగ్గర జీటీజీఈ అనే ఎఫెక్టర్ ఉంది, అది ర్యాబ్32ను కత్తిరిస్తుంది. టైఫీ దగ్గర ఆ ఎఫెక్టర్ లేదు, ఎలుక మాక్రోఫేజ్‌లో చచ్చిపోతుంది. ఆ ఒక్క జన్యువును టైఫీలో పెట్టి చూశారు. ఎలుక మాక్రోఫేజ్‌లో బతికి పెరిగింది!

ఒక జబ్బు ఏ జీవికి వస్తుందో, ఏ జీవికి రాదో తేల్చడంలో సూది గుండా వెళ్లే ఒక్క ప్రోటీనుకు అంత పాత్ర ఉంది.

ఎందుకో_చెప్పండి
సరే, నా అభ్యంతరం చెబుతాను. ఇక్కడ అందరూ బతకడమంటే స్రావక వ్యవస్థే అన్నట్టు రాస్తున్నారు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా సంగతేమిటి? దానికి సూదీ లేదు, నాలుగో రకమూ లేదు. అయినా కణంలో హాయిగా తిరుగుతుంది. కాబట్టి ఈ యంత్రాలు తప్పనిసరి కాదు.

జీవశాస్త్రం_మేడం
లిస్టీరియా కూడా స్రవిస్తుంది కదండీ! దానికి బయటి పొర లేదు, ఉన్నది ఒకే పొర. కాబట్టి అన్ని బ్యాక్టీరియాల్లో ఉండే సాధారణ సెక్ మార్గంతోనే ప్రోటీను బయటికి వచ్చేస్తుంది. బ్యాక్టీరియా సంచిలోనే ఉంటుంది కనుక బయటికి వదిలితే చాలు, సంచి పొరకు తగులుతుంది. అలా వచ్చే లిస్టీరియోలైసిన్ ఓ అనే ప్రోటీను ఆ పొరకు రంధ్రాలు వేస్తుంది, ఆమ్లంలో బాగా పని చేస్తుంది, బ్యాక్టీరియా కణద్రవంలోకి వచ్చిపడుతుంది. పెద్ద యంత్రం లేకపోవచ్చు, ప్రోటీనును బయటికి పంపడం మాత్రం తప్పలేదు.

ఎందుకో_చెప్పండి
అలా చూస్తే బ్యాక్టీరియా చేసే ప్రతి పనీ స్రావమే అవుతుంది. నా మాట నేను వదలను: సూది ఒక దారి, ఏకైక దారి కాదు.

సూదిమొన
దీనితో ఎవరికీ పేచీ లేదు. షిగెల్లా అనే విరేచనాల బ్యాక్టీరియాకు సూది ఉంది, అయినా చివరికి లిస్టీరియా చేసే పనే చేస్తుంది: సంచిని త్వరగా చీల్చుకుని బయటపడుతుంది, తర్వాత కణంలోని ఆక్టిన్‌ను తోకలా పేర్చుకుని పక్క కణంలోకి దూసుకుపోతుంది. ఆ ఆక్టిన్‌ను పోగు చేసే ఇక్‌సా ప్రోటీను అయిదో రకం మార్గంలో వస్తుంది. అంటే ఒకే బ్యాక్టీరియా, ఒక ప్రయాణంలో రెండు వేర్వేరు వ్యవస్థలు.

మూడో_బెంచి
అయితే సంచిలో ఉండిపోయేవి, సంచి చీల్చేవి, సంచి మార్చేవి అని పట్టిక వేసుకుంటే బాగుండేది. ఒకటో రకం, రెండో రకం అని కాదు.

జీవశాస్త్రం_మేడం
వచ్చే ఏడాది నా క్లాసులో అలాగే చెబుతాను. కాక్సియెల్లా అనే బ్యాక్టీరియాను కూడా చేర్చండి, అది మీ మూడు గళ్లలో ఎక్కడా సరిగా ఇమడదు. పూర్తిగా లైసోజోముతో కలిసిన సంచిలోనే, పీహెచ్ 5 కన్నా తక్కువలో, అక్కడే పెరుగుతుంది. ఆమ్లం లేకపోతే దాని జీవక్రియే సాగదు. అయినా దానికీ నాలుగో రకం వ్యవస్థ కావాలి. లైసోజోము నుంచి తప్పించుకోవడానికి కాదు, ఆ సంచిని పెద్దదిగా పెంచి, కణాన్ని చావకుండా నిలబెట్టడానికి.

అమీబా_మిత్రుడు
బ్రుసెల్లా అనే బ్యాక్టీరియా కూడా. మొదట లైసోజోము స్పర్శ తగులుతుంది, ఆ ఆమ్లంతోనే దాని వీఐఆర్‌బీ అనే నాలుగో రకం వ్యవస్థ మేలుకుంటుంది, తర్వాత రెటిక్యులం వైపు మళ్లుతుంది. సాల్మొనెల్లా కథలో ఉన్న మలుపే.

క్షయ_పరిశోధిని
ఇంతసేపూ క్షయ గురించి ఎవరైనా రాస్తారని చూశాను. ఇక ఆగలేను.

క్షయ బ్యాక్టీరియాకు సూది లేదు. దానికున్నవి ఏడో రకం వ్యవస్థలు, ఈఎస్‌ఎక్స్-1 నుంచి ఈఎస్‌ఎక్స్-5 వరకు అయిదు. వీటిలో మొదటిది ఎంత ముఖ్యమో ప్రపంచం తెలియకుండానే పరీక్షించి చూసింది. కాల్మెట్, గ్యురాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1908లో ఆవు క్షయ బ్యాక్టీరియాను తీసుకుని, ఏళ్ల తరబడి 230 సార్లు కొత్త మాధ్యమంలోకి మార్చి మార్చి పెంచారు. అది బలహీనపడింది. 1921లో టీకాగా మొదటిసారి వాడారు. అదే బీసీజీ. ఎందుకు బలహీనపడిందో చాలా దశాబ్దాల వరకు ఎవరికీ తెలియదు. 1990ల్లో జన్యువులను పోల్చి చూస్తే ఒక ముక్క ఎగిరిపోయింది, దానికి ఆర్‌డీ1 అని పేరు పెట్టారు. ఈఎస్‌ఎక్స్-1 వ్యవస్థలో కీలక భాగం అందులోనే ఉంది. 2003 ప్రాంతంలో ఆ ముక్క తిరిగి పెడితే బీసీజీకి కొంత తీవ్రత తిరిగొచ్చింది, క్షయ బ్యాక్టీరియాలోంచి తీసేస్తే తీవ్రత తగ్గింది.

ఇంకో ఉపయోగం కూడా చెప్పాలి. ఆ ముక్కలోని ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 ప్రోటీన్లు బీసీజీలో లేవు. అందుకే క్షయ సోకిందా, లేక టీకా వల్ల వచ్చిన స్పందనా అని తేల్చే ఇగ్రా రక్తపరీక్షలో వాటినే వాడతారు. పాత ట్యూబర్‌క్యులిన్ చర్మపరీక్ష ఆ తేడా చెప్పలేదు.

మూడో_బెంచి
ఈశాట్-6 సంచికి రంధ్రం వేస్తుందని చదివాను. అంటే లిస్టీరియోలైసిన్ లాంటిదే కదా?

క్షయ_పరిశోధిని
అక్కడే మా రంగంలో ఇంకా వాదన నడుస్తోంది. శుద్ధి చేసిన ఈశాట్-6 పొరలను కరిగిస్తుందని చాలా పత్రాలు వచ్చాయి. 2017లో ఒక బృందం ఆ ఫలితంలో పెద్ద భాగం శుద్ధి చేసేటప్పుడు మిగిలిపోయిన డిటర్జెంటుదని చూపించింది. బ్యాక్టీరియా పొరను నేరుగా తాకినప్పుడే, ఈఎస్‌ఎక్స్-1 పనిచేస్తున్నప్పుడే పొర చిరుగుతోందని వాళ్ల మాట. పైగా పీడీఐఎం అనే కొవ్వు పదార్థం కూడా ఉండాలి, ఈఎస్‌ఎక్స్-1 ఒక్కటే చాలదు. ఈఎస్‌ఎక్స్-1 లేకపోతే సంచి పొర చెదరదన్నది గట్టి విషయం. ఏ అణువు ఎలా చీలుస్తోందన్నది తేలాల్సిన విషయం. పరీక్షలో ఒక్క వాక్యమే రాయాలంటే మొదటిది రాయండి.

రాత్రి_విధులు
ఈ తరహా జవాబు చాలా అరుదు. తెలిసినది ఎక్కడ ఆగుతుందో కూడా చెప్పారు.

కొలిమి
మందుల రసాయనశాస్త్రం నాది. వీటిని చంపనక్కర్లేదు, సూదిని అడ్డుకుంటే చాలు కదా అన్న ఆలోచన పాతదే. 2003లోనే యెర్సీనియా అనే బ్యాక్టీరియా మూడో రకం వ్యవస్థను ఆపే చిన్న అణువులు దొరికాయి. బ్యాక్టీరియాను చంపవు కాబట్టి నిరోధకత పెరగాలన్న ఒత్తిడి తక్కువ, పేగులో మంచి బ్యాక్టీరియా జోలికి పోవు. వినడానికి చాలా బాగుంటుంది. ఇన్నేళ్లయినా రోజువారీ వైద్యంలోకి రాలేదు.

ఎందుకో_చెప్పండి
రాకపోవడానికి కారణం?

కొలిమి
ఒకటి కాదు. రోగి మన దగ్గరికి వచ్చేసరికి బ్యాక్టీరియా కణంలోకి దూరడం అయిపోయి ఉంటుంది, దూరే సూదిని ఆపి లాభం లేదు. లోపలి సూదిని ఆపాలంటే మందు కణం పొర దాటాలి, సంచి పొర దాటాలి, చివరికి బ్యాక్టీరియా పొర కూడా దాటాలి. ఇక చంపని మందు కాబట్టి మిగతా పని రోగి రోగనిరోధక శక్తే చేయాలి. అది బలహీనంగా ఉన్నవాళ్లకే ఈ జబ్బులు ముదురుతాయి. పైగా వైద్యుడికి ఏ బ్యాక్టీరియానో ముందే తెలిసి ఉండాలి, ఎందుకంటే ఈ మందు అన్నింటి మీదా పని చేయదు. నేను ఈ దారిని వదులుకోమనడం లేదు. మామూలు యాంటీబయాటిక్‌కు తోడుగా ఇస్తే చోటు ఉందని గట్టిగా నమ్ముతాను.

రాత్రి_విధులు
రాత్రి రెండింటికి జ్వరంతో వచ్చిన మనిషిలో ఏ బ్యాక్టీరియానో నాకు తెలియదు. కొలిమి గారు చెప్పిన చివరి అడ్డంకి అన్నింటికన్నా పెద్దది.

వెన్నెల
ఇంకో చిన్న ప్రశ్న. ఇన్ని ఎఫెక్టర్లు తనలోకి దిగుతుంటే మన కణం ఊరుకుంటుందా?

సూదిమొన
చిన్న ప్రశ్న కాదిది! ఊరుకోదు. సూది నుంచి కొన్ని ముక్కలు పొరపాటున కణద్రవంలోకి జారతాయి. అక్కడ ఎన్‌ఏఐపీ అనే ప్రోటీన్లు వాటిని పట్టుకుంటాయి, ఎన్‌ఎల్‌ఆర్‌సీ4తో కలిసి ప్రమాద సూచన ఇస్తాయి. కణం తన పొరకు తానే రంధ్రాలు వేసుకుని పగిలిపోతుంది. లోపలి బ్యాక్టీరియా బయటపడి, చుట్టూ ఉన్న న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలకు దొరికిపోతుంది. ఒక కణం పోయినా వంద కణాలు నిలుస్తాయి.

సాల్మొనెల్లా మొదటి సూదిలోని కడ్డీ ప్రోటీను ఇలా పట్టుబడుతుంది. రెండో సూదిలోని కడ్డీ ప్రోటీను పట్టుబడదు, దాని అమరిక వేరు. అందుకే మాక్రోఫేజ్ లోపలికి వెళ్లాక సాల్మొనెల్లా మొదటి సూదిని, ఈత తోకను ఆపేసి రెండో సూదికి మారుతుంది. ఈత తోకలోని ఫ్లాజెల్లిన్ కూడా అదే కాపలాకు చిక్కుతుంది మరి.

క్షయ_పరిశోధిని
క్షయలోనూ అంతే. ఈఎస్‌ఎక్స్-1 పొరను చెదరగొట్టగానే బ్యాక్టీరియా డీఎన్‌ఏ కణద్రవానికి తగులుతుంది, సీజీఏఎస్ అనే ప్రోటీను దాన్ని పసిగడుతుంది. ప్రాణం నిలిపే యంత్రమే ఉనికిని బయటపెడుతుంది. అది లేని బీసీజీకి ఆ బెడద లేదు, కానీ ఆరోగ్యవంతుల్లో జబ్బు కలిగించే సత్తా కూడా దాదాపు లేదు.

మూడో_బెంచి
ఇంకొక్క అనుమానం మిగిలింది. సోప్‌ఈ ఆక్టిన్‌ను కదిలించి కణం పొరను ఉబికిస్తుందన్నారు. బ్యాక్టీరియా లోపలికి వెళ్లాక ఆ కణం ఆకారం అలా చెదిరే ఉంటుందా?

సూదిమొన
ఉండదు. అదే సూది గుండా ఎస్‌పీటీపీ అనే ఇంకో ఎఫెక్టర్ కూడా వెళ్తుంది. సోప్‌ఈ ఏ ప్రోటీన్లను రగిలిస్తుందో, సరిగ్గా వాటినే ఎస్‌పీటీపీ చల్లబరుస్తుంది. రెండూ దాదాపు ఒకేసారి లోపలికి వెళ్తాయి. మరి ఒకదాన్నొకటి రద్దు చేసుకోవా అని 2003లో చూశారు: కణం సొంత ప్రోటియాజోము (అక్కర్లేని ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రం) సోప్‌ఈని త్వరగా ముక్కలు చేస్తుంది, ఎస్‌పీటీపీని ఆలస్యంగా. ముందు పొర ఉబుకుతుంది, బ్యాక్టీరియా లోపలికి పోతుంది, సోప్‌ఈ అరిగిపోయాక ఎస్‌పీటీపీది పైచేయి అవుతుంది, కణం మళ్లీ మామూలు ఆకారానికి వస్తుంది. ఆ సమయాన్ని కొలిచిపెట్టేది కణమే, బ్యాక్టీరియా కాదు.

మూడో_బెంచి
తన చెత్త కుదించే యంత్రంతోనే కణం బ్యాక్టీరియాకు గడియారం నడిపి పెడుతోందా! సోమవారం సెమినార్ ఉంది, సాల్మొనెల్లా రెండు సూదుల మీదే చెబుతాను. అయిదు నిమిషాలే ఇచ్చారు.

జీవశాస్త్రం_మేడం
పీహెచ్ తేడా తెలిశాక సరుకు కదలడం, ర్యాబ్32, ఈ రెండూ చెప్పండి చాలు. పరిచయానికి ఎక్కువ సమయం తినేయకండి.

సూదిమొన
బొమ్మ గీసేటప్పుడు సూది సంచి పొరలో దిగినట్టు గీయండి, కణం బయటి పొరలో కాదు. చాలామంది స్లైడుల్లో రెండో సూదిని బయటి పొరకే గుచ్చేస్తారు.